పేరు దొంగ

"ఈ పేరు నేసి ఇవ్వం," అంటూ కోమలి ఆ కాగితాన్ని బల్ల మీద అవతలికి నెట్టింది.

ఎదురుగా కూర్చున్న ముసలివాడు చెమటతో ముద్దైపోయి ఉన్నాడు. చొక్కా కాలర్ మీద నల్లటి మురికి గీత. బిస్కెట్ పొడి గడ్డానికి అంటుకుని ఉన్నా తుడుచుకోలేదు. పొద్దున అతన్ని తీసుకొచ్చిన దలాలి "ఇటలీ సేఠ్" అని చెప్పి వెళ్ళిపోయాడు. పేరేమిటని ఎవరూ అడగలేదు.

సూరత్ పక్కనున్న సచిన్ పారిశ్రామికవాడలోని ఆ యూనిట్లో చొక్కాల మెడ వెనక కుట్టే లేబుళ్ళు నేస్తారు. కోమలి అక్కడ మేనేజరు. నకిలీ లేబుళ్ళు అడిగేవాళ్ళు సూరత్‌లో ఆమెకు కొత్త కాదు. కానీ ఇతను అడిగిన పేరు రెనాటో కస్తెల్లి.

ఆ పేరు వల్లే ఆమె ఫ్యాషన్ డిజైన్ చదివింది. కాలేజీలో ప్రాజెక్టు కూడా ఆయన జీవితం మీదే చేసింది. ఆయన తల్లి దర్జీ. ఆమె బట్టలు కత్తిరించే బల్ల కిందే పెరిగాడు. కుర్రతనంలో ఓడరేవు కూలీల కోట్లకు మాసికలు వేశాడు. భుజాల్లో దూది కూరని తేలికపాటి కోటు కుట్టి మిలాన్ అంతటినీ తనవైపు తిప్పుకున్నాడు. ముసలితనంలో ఎవరికీ కనబడకుండా ఎక్కడో ఉండిపోయాడు. ఆయన పేరుతో నడిచే కంపెనీ ఇప్పటికీ ఆయన నల్లజుట్టు ఫోటోనే వాడుతోంది. మరమగ్గం కార్మికుడి కూతురైన కోమలి ఆ ఫోటో చూసుకునే ధైర్యం తెచ్చుకుంది.

ముసలివాడు సంచిలోంచి బూడిదరంగు కోటు తీసి బల్ల మీద పరిచాడు. తానే కుట్టానని, ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయని, వాటికి సరిపడా లేబుళ్ళు చాలని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. మొదటి అక్షరం తోక మాత్రం పొడుగ్గా ఉండాలట. ఇప్పుడు కంపెనీవాళ్ళు పొట్టిగా వేస్తున్నారని, అది తప్పని అన్నాడు.

దొంగిలించేవాడు అసలుదానికే వంకలు పెడుతున్నాడు.  కోమలి ఆ కోటును వేలితో కూడా తాకలేదు.

"కంపెనీ అనుమతి ఉందా?" అని అడిగింది.

అతను తల అడ్డంగా ఊపాడు.

"సిగ్గనిపించడం లేదా? ఒక మనిషి జీవితమంతా కష్టపడి సంపాదించుకున్న పేరు అది. ఈ వయసులో దాన్ని దొంగిలించి బతుకుతారా?"



"ఆయనంటే మీకు అంత గౌరవమా?" అన్నాడు మెల్లగా.

"ఆయన మాట మీ నోట రానివ్వకండి."

అతను కోటు మడతపెట్టుకుని వెళ్ళిపోయాడు. అతను కూర్చున్న కుర్చీని కోమలి గుడ్డ తడిపి తుడిచింది.

మగ్గం దగ్గర్నుంచి చూస్తున్న తెలంగాణ నేతగాడు బుచ్చిరాములు ఇవతలికి వచ్చాడు. "జర నిమ్మళంగ చెప్తే అయిపోవు గదా బిడ్డా. ముసలాయన కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్."

"దొంగోని కన్నీళ్ళు చూసి కరిగిపోవద్దు కాకా," అంది కోమలి.

ఆ పూటే గేటు కెమెరాలో పడ్డ అతని ఫోటోను కంపెనీకి పంపింది. దలాలిని అడిగి, అతను దిగిన హోటల్ పేరు కూడా రాసింది.

మర్నాడు ముంబై నుంచి కంపెనీ లాయరు నిరంజన్ ఫోన్ చేశాడు. తెలుగువాడే. హోటల్లో అతన్ని పట్టుకున్నామని, కోట్లన్నీ జప్తు చేయించామని చెప్పి, కంపెనీ తరఫున ఆమెకు కృతజ్ఞతలు తెలిపాడు. ఆ ముసలివాడు ఇంతకుముందు రెండు దేశాల్లో ఇదే పని చేశాడట. కోర్టు వద్దన్నా మానలేదట. వింటున్నకొద్దీ కోమలికి మనసు తేలికపడింది. తన రెనాటోకి తాను చేయగలిగిన సాయం ఇది.

"ఇంతకీ ఎవడు సార్ వాడు?" అని అడిగింది.



"కంపెనీతోపాటు తన పేరునూ అమ్ముకున్న రెనాటో కస్తెల్లి."