పాదరసం పేరా

ఆ మొగుడూ పెళ్లాల మధ్య చిచ్చు పెట్టింది జాతీయ రగ్బీ జట్టు.

నిజానికి జట్టు మొత్తం కాదు. అందులో పదో నంబరు చొక్కా వేసుకున్న ఒక్కడు. ముప్పై ఏళ్ల కిందటి ఆటగాడు. పట్టుకుందామంటే చేతికి చిక్కడని సాటివాళ్లు అతనికి పాదరసం అని పేరు పెట్టారట. పత్రికలు కూడా అసలు పేరు వదిలేసి ఆ పేరే రాశాయి.

భార్య గ్రంథాలయంలో పనిచేసి రిటైరైంది. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే విజ్ఞాన సర్వస్వం ఉంది కదా, అందులో వ్యాసాలు దిద్దడం ఇప్పుడావిడ వ్యాపకం. పూలమొక్కల మీద రాసినన్నాళ్లూ ఆయనకు ఏ ఇబ్బందీ లేదు. ఈమధ్య రగ్బీ జట్టు వ్యాసం పట్టుకుంది. దాన్ని మంచి వ్యాసాల వరుసలోకి ఎక్కించి తీరాలని పట్టుదల. దానికి మళ్లీ ఓ సమీక్షకుడు. ఎక్కడుంటాడో తెలియదు, ముఖం ఎవరూ చూడలేదు, కానీ ప్రతి వాక్యానికీ 'మూలం ఏది?' అంటూ పీకల మీద కూర్చుంటాడు.

ఆయన రోజూ ఆవిడ పక్కనే కుర్చీ వేసుకుంటాడు. సాయం చెయ్యడానికని చెబుతాడు. అసలు సంగతి కాపలా.

ఎందుకంటే, తెర మీదికి ఆ పేరా వచ్చినప్పుడల్లా ఆవిడ చెయ్యి ఆగిపోతుంది. ఒళ్లంతా బురదతో, బంతిని పొట్టకు కరుచుకుని పరుగెత్తుతున్న ఆ కుర్రాడి ఫోటో చూస్తుంది. చూసి చిన్నగా నవ్వుతుంది. ఆ నవ్వు తనవైపు ఎప్పుడు తిరిగిందో ఆయనకు గుర్తులేదు. నిప్పు లేనిదే పొగ రాదు అనుకున్నాడు.

"అంతగా ఏముంది వాడి మొహంలో? బురద తప్ప ఏమీ కనపడ్డం లేదు," అన్నాడు.

"బాగా ఆడేవాడండీ," అంది ఆవిడ, పాఠం అప్పజెప్పినట్టు.

"ఆడితే ఆడాడు. 'తన తరంలో మేటి' అని రాయాలా? దానికి మూలం అడగలేదా మీ సమీక్షకుడు?"

"రెండు పత్రికలు రాశాయి కదా."

ఆయనకు ఒళ్లు మండింది. పత్రికలదేముంది, తోచింది రాస్తాయి. కళ్లద్దాలు సవరించుకుని తప్పులు వెతకడం మొదలుపెట్టాడు. ఫైనల్లో గెలుపు గురించిన వాక్యం దగ్గర వేలు పెట్టాడు.

"ఇదిగో. కుడి మూలలో గీత దాటి బంతిని నేలకు ఆనించాడని రాశారు. కుడి కాదు, ఎడమ. కుడివైపు ఇద్దరు అడ్డం వస్తే బంతిని వెనక్కి అందించి, మళ్లీ తీసుకుని ఎడమకు తిరిగాడు."

ఆవిడ ఆయన కళ్లలోకి చూసింది. "మీకెలా తెలుసు?"

"ఏమో. టీవీలో చూసుంటాను." విసుక్కున్నాడు. "నాకసలు ఆ ఆటే పడదు."

ఆవిడ ఆ మాట పక్కనున్న కాగితం మీద రాసుకుంది.

పేరాలో చివరి వాక్యం ఒక్కటే ఆయనకు నచ్చింది. ఆఖరి మ్యాచ్‌లో తలకు పెద్ద దెబ్బ తగిలితే పాదరసాన్ని స్ట్రెచర్ మీద మోసుకెళ్లారు, మళ్లీ మైదానంలోకి దిగలేదు. తిక్క కుదిరింది అనుకున్నాడు. అనుకున్నాక కొంచెం సిగ్గేసింది. అయినా ఆ వాక్యమే ఇంకోసారి చదువుకున్నాడు.

"ఈ పేరా మొత్తం తీసెయ్. జట్టు గురించి రాస్తూ ఒక్కడికి ఇంత భజన దేనికి?"

"దాన్ని నేను ముట్టుకోకూడదండీ. మనకు బాగా తెలిసినవాళ్ల గురించి మనం రాయకూడదని ఇక్కడ నియమం. అడిగితే ఒప్పుకోవాలి కూడా. నేను ఒప్పుకున్నాను."

చర్చాపేజీ తెరిచి చూపించింది. 'ఈ ఆటగాడు మీకు వ్యక్తిగతంగా తెలుసా?' అని సమీక్షకుడి ప్రశ్న. కింద ఆవిడ జవాబు: 'అందరికంటే బాగా తెలుసు. ఆ పేరా మీరే చూడండి.'

ఇన్నేళ్ల కాపురం. ఎవరో ముక్కూమొహం తెలియనివాడికి చెప్పింది గానీ, కట్టుకున్నవాడికి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. ఆయన ఆవిడ కుర్చీలోకి జరిగాడు. ఎవరైనా దిద్దవచ్చన్నారు కదా. పేరా మొదటినుంచి చివరిదాకా మౌస్‌తో లాగి ఒక మీట నొక్కాడు. పాదరసం గాల్లో కలిసిపోయాడు. ప్రాణం హాయిగా అనిపించింది.

ఆవిడ కప్పులు బల్ల మీద పెట్టి తెర చూసింది. కోప్పడలేదు. ఒక్క నొక్కుతో పేరాను వెనక్కి తెచ్చింది.

"ఇందులో చెరిపేసిందేదీ పోదండీ. పాతదంతా లోపలే ఉంటుంది."

ఆ నిదానం చూసి ఆయనకు ఇంకా మండింది.

"నిజం చెప్పు. వాణ్ని ప్రేమించావా?"

"ప్రేమించాను."

"నన్ను చేసుకోకముందా?"

"ముందూ, తర్వాతానూ."

ఆయన టీ కప్పు పక్కకు నెట్టాడు. "మరి ఇప్పుడు?"

"ఇప్పుడూను."

అంత నిబ్బరంగా చెబుతుందనుకోలేదు. కోపం రావలసింది, ఏడుపొచ్చింది. పోటీకి దిగుదామన్నా, ఆ బురదమొహం వాడి ముందు తానెంత?

"అయితే నీకు నేనెందుకు?" అన్నాడు.

ఆవిడ ఆయన చెంపలు అరచేత్తో తుడిచింది. చొక్కా కాలరు సరిచేసింది. బల్ల మీది ఫోన్ తీసి కెమెరా తెరిచింది.

"సమీక్షకుడు పాదరసం ఇప్పటి ఫోటో ఒకటి అడిగాడు, ఇటు చూసి కాస్త నవ్వండి," అంది.