గవిలో రొయ్య

తనూజ పేరెత్తితే తిమ్మప్పకు ఒళ్లు మండేది. అడక్కుండా గవిలో దూరిందే కాక, తిరిగి తనకే నీతులు చెబుతుందా!

తాడిమర్రి దగ్గర గుట్ట కింద రాతి గుహ ఆ గవి. అందులో ఊరే నీళ్లతోనే తిమ్మప్ప మల్బరీ చేను పచ్చగా ఉండేది.

"ఏం పాపా, ఏం ఏరుకుంటాండావు?" అని ఆ రోజు నిలదీశాడు.

తనూజ చిన్న గాజు సీసా చూపించింది. అడుగున బియ్యపు గింజంత తెల్లటి రొయ్య. దానికి కళ్లు లేవు.

"దీని కాలి ముక్క చాలన్నా. అందులో పుట్టుక గుర్తులు, డీఎన్‌ఏ అంటారే, అవి ఉంటాయి. అవి దొరికితే ఈ జాతి ఇంకెక్కడా లేదని రుజువు చేసి కాపాడుకోవచ్చు."

"రొయ్యకు కులం సర్టిఫికెట్ ఇప్పిచ్చేకి వచ్చినావా? మీది యా ఊరు?"

"ధర్మవరమే. మగ్గాలోళ్లం. కాలేజీలో ఇట్లాంటి జీవుల మీద పరిశోధన చేస్తాండా."

"మగ్గం గుంతలో కూర్చునే పిల్లవి, నా గవిలో నీకేం పని?"

"అది కాదన్నా, ఈ గుట్టకు..."

తిమ్మప్ప విననే లేదు. సీసా లాక్కుని నీళ్లలో ఒంపేసి, పొమ్మన్నాడు.

కాపాడుతుందట! ఆ మాటే ముల్లులా గుచ్చుకుంది. టీ అంగడి దగ్గర చంద్రశేఖర్‌ను కదిపాడు. ఊరోడు, వరసకు అల్లుడు.

"ఇంకేముండాది మామా! రొయ్య ఉండాదని తేలితే ఫారెస్టోళ్లు కంచె ఏస్తారు. సర్కారిచ్చిన నీ డీపట్టా చేను గూడా లోపలికే."

"మరేం చేయాలప్పా?"

"రొయ్యే లేకుంటే కంచె యాడిది?"

బ్లీచింగ్ పౌడర్ మూట కూడా వాడే తెచ్చిచ్చాడు. తిమ్మప్ప గవి నీళ్లలో కుమ్మరించాడు.

మళ్లీ వచ్చిన తనూజ, చచ్చి తేలిన రొయ్యలను చూసి, నీళ్లు దోసిట పట్టి వాసన చూసింది.

"ఏం పోసినారన్నా?"

"నా నీళ్లు, నా ఇష్టం."

"ఆ పొడికి గుర్తులు గూడా మిగలవు. ఇంక ఏం పెట్టుకోని కొట్లాడాల?"

ఎవరితో కొట్లాటో తిమ్మప్ప అడగలేదు. పీడ వదిలిందనుకున్నాడు.

ఎండాకాలం రాకముందే గుట్ట మీద జిలెటిన్ మోగింది. క్వారీ చంద్రశేఖర్‌ది. లారీల దారికని తిమ్మప్ప చేను కొలిచి రాళ్లు పాతారు.

పెనుకొండలో గనుల ఆఫీసుకు పరుగెత్తాడు.

"అడ్డం పడినోళ్లే లేరా సార్?"

"లేకేం?" అన్నాడు గుమాస్తా. "రెండేండ్లు ఒక పిల్ల ఒక్కతే క్వారీ రానీకుండా ఆపింది. గవిలో జీవి ఇంకెక్కడా లేదని రుజువు తెమ్మన్నారు. వట్టి చేతులతో వచ్చింది పాపం."

"ఎవురు సార్ ఆ పిల్ల?"

రొయ్యలను కాపాడబోయి అన్నాళ్లూ ఆ తనూజ కాపలా కాసింది తిమ్మప్ప రెండెకరాల నలభై సెంట్లకే.