గాలి లేని వైపు తలుపు

"సింహాద్రీ, తలుపు తియ్యి! రోజ్ హిల్‌లో మా ఇంటికి పోదాం. ఇంకా బస్సుంది!"

గురవమ్మ రెండు చేతులతో తలుపు బాదింది. తుఫాను జెండా ఎగరేశారని వినగానే నువెల్ ఫ్రాన్స్‌లోని తమ్ముడింటికి పరుగెత్తుకొచ్చింది. సింహాద్రికి నలభై ఏళ్లు. బుద్ధి మాత్రం పసివాడిదని ఊరంతా అంటుంది. అమ్మ పోయాక ఒక్కడినే ఉంటానని మొండికేశాడు. అప్పట్నుంచీ ఆమె మనసు కుదురుగా లేదు.

"తియ్యను అక్కా!" లోపల్నుంచి అరిచాడు.

"భయమేస్తోందా?"

"లేదు. సిక్లోన్ గాలి ఇటే కొడుతోంది. కరోల్ తుఫానప్పుడు అమ్మ ఈ తలుపే తీసింది, రేకులన్నీ ఎగిరిపోయాయి. వెనక తలుపుకి రా, అటు గాలి లేదు."

గురవమ్మ గోడ పట్టుకుని ఇంటి వెనక్కి నడిచింది. సింహాద్రి మనిషి పట్టేంత తలుపు తీసి, ఆమెను లోపలికి లాగి గడియ పెట్టాడు.

కిటికీలన్నిటికీ పలకలు కొట్టి ఉన్నాయి. చాప మీద పక్కింటి మిషెలిన్ చంటిబిడ్డతో కూర్చుని ఉంది.

"వాళ్లది గడ్డిల్లు. నేనే రమ్మన్నాను," అన్నాడు సింహాద్రి.

గాలికి ఇల్లంతా అదిరింది. బస్సు సంగతి చెప్పబోయిన గురవమ్మ ఆగిపోయింది.

"నన్నెక్కడ కూర్చోమంటావు, తమ్ముడూ?" అని అడిగింది.