తాటిమొద్దు మీద చీమలబారు

వాగుకు అవతల జొన్నచేను, ఇవతల చీమలపుట్ట. మధ్యలో అడ్డంగా పడి ఉన్న తాటిమొద్దే చీమలకు వంతెన. ముందున్నదాని వాసన పట్టుకుని తలొంచుకుని నడవడం వాటి అలవాటు. వానలు పడేలోగా గింజలు పుట్టకు చేరకపోతే పిల్లలు పస్తులే.

బరువు మోయలేని కుంటిచీమ ఒకటి మొద్దు పక్కనే కూర్చునేది. ఒకరోజు వడ్రంగిపిట్ట వచ్చి, "ఎన్ని పురుగులో! మొద్దు లోపలంతా డొల్లే" అని సంబరపడింది. కాసేపటికి లకుముకిపిట్ట వాలి, "ఇది ఊగుతోంది, చేప మీద గురి కుదరడం లేదు" అని విసుక్కుంది. సాయంత్రం నీళ్లకొచ్చిన గేదె, "గట్టు మీది తుమ్మచెట్టు కొట్టేశారు. రేపట్నుంచి వీపు ఈ మొద్దుకే రుద్దుకోవాలి" అంది.

కుంటిచీమ కుంటుకుంటూ, బారును నడిపే పెద్దచీమ దగ్గరికెళ్లింది. "అక్కా, రేపు వంతెన కూలుతుంది. బారును ఎగువ రాళ్ల మీదుగా మళ్లించు."

పెద్దచీమ నవ్వింది. "మన పగవాళ్లైన ఎర్రచీమల పుట్టలో నా వేగులు ఇద్దరున్నారు. ముప్పుంటే వాళ్లు చెప్పరా? దారినపోయేవాళ్ల కబుర్లు విని అంత దూరం తిప్పమంటావా?"

తెల్లవారుతూనే కుంటిచీమ బారుకు ముందు చేరి, పొట్ట నేలకు రాస్తూ, తన వాసన వదులుతూ రాళ్ల వైపు నడిచింది. తలొంచుకున్న బారు ఆ వాసన వెంటే మళ్లింది.

పెద్దచీమ కోపంగా పరుగెత్తుకొచ్చేసరికి గేదె మొద్దుకు వీపు ఆనించింది. మొద్దు ఫెళ్లున విరిగి వాగులో పడింది.

పెద్దచీమ కుంటిచీమ వైపు తిరిగింది. "ఇంత రహస్యం నీకెవరు చెప్పారే?"

"రహస్యమెక్కడిదక్కా? ముగ్గురూ మన నెత్తిమీదే అరిచారు."