డెల్బర్ట్ తలుపు

ఇంటి బీమాలో రాయితీ వస్తుందని పక్కింటి డెల్బర్ట్ తలుపుకి కెమెరా, ఫోన్‌తో పడే తాళం, గదిగదికీ మనిషి కదలికని పసిగట్టే పరికరాలూ పెట్టించాడు. ఏటా డిసెంబర్‌లో మా ఒహాయో మంచుకి జడిసి ఒంటరిగా ఫ్లోరిడా పారిపోతాడు. ఇల్లు ఖాళీ అని దొంగలకి తెలియకుండా మెట్ల మీద మంచు తోసేదీ, ఉత్తరాలు తీసేదీ నేనే.

మంచు తోశాక కెమెరాకి నాలుక చాపి వెక్కిరిస్తాను. అక్కణ్ణుంచి ఫోన్‌లో చూసి, "దిగు నా మెట్లు, కోతి వెధవా!" అని గుమ్మం బెల్లులోంచి అరుస్తాడు.

ఈసారి చెప్పకుండానే వెళ్ళాడు. నెల రోజులుగా ఒక్క తిట్టూ లేదు. అలిగాడనుకుని ఇంకా వికారంగా వెక్కిరించాను.

ఇవాళ మెట్ల మీద ఉండగా బీమా కంపెనీ అమ్మాయి ఫోన్ చేసింది. అవసరానికి పిలవమని డెల్బర్ట్ నా నంబరే ఇచ్చాడట.

"సార్, నెల నుంచి ఆ ఇంట్లో కదలిక లేదు. ఖాళీ ఇంటికి రాయితీ వర్తించదు."

"ఆ ముసలాయన ఫ్లోరిడాలో గాలం వేస్తున్నాడు తల్లీ. చేపల్ని కూడా తిడుతూ ఉంటాడు."

"ఎలా వెళ్ళారు సార్? డిసెంబర్ తొమ్మిదిన లోపలి నుంచి గడియ పడింది. ఆ తర్వాత ఏ తలుపూ తెరుచుకోలేదు."

నెల రోజులుగా నేను నాలుక చాపిన తలుపు అడుగు దూరంలో ఉంది.

"సార్, ఇల్లు ఖాళీ అని రాసుకోనా?"

"వద్దమ్మా," అన్నాను. "ఆయన ఇంట్లోనే ఉన్నాడు."