దోసెపిండి జీతం

బ్యాంకుకి నాలుగు వందల డాలర్ల టోపీ పెట్టాలని దివాకర్ నిర్ణయించుకున్నది ఒక క్రికెట్ బ్యాట్ కోసం. ఇంట్లో ఇప్పటికే నాలుగున్నాయి. ఐదోది గుమ్మం దాటి లోపలికొస్తే తాను గుమ్మం దాటి బయటికెళ్తానని భార్య దేదీప్య తేల్చి చెప్పేసింది. కాబట్టి డబ్బు ఆమెకి తెలియకుండా రావాలి.

సరిగ్గా అప్పుడే ఒక బ్యాంకు ఆశ పెట్టింది. కొత్త ఖాతా తెరిచి, వెయ్యి డాలర్ల జీతం కంపెనీ నుంచి నేరుగా అందులో పడేలా చేస్తే నాలుగు వందలు బహుమానం. దీన్నే డైరెక్ట్ డిపాజిట్ అంటారు. మన డబ్బు మనమే ఇంకో బ్యాంకు నుంచి ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే చెల్లదని కింద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. దివాకర్ అసలు జీతమేమో జాయింట్ ఖాతాలో పడుతుంది. పడిన మరుక్షణం దేదీప్య ఫోన్ మోగుతుంది. దాన్ని కదిలిస్తే కొంప కొల్లేరే.

అప్పుడు గుర్తొచ్చాడు రాఘవులు. వాళ్లుండే కాపెల్ ఊళ్లో సగం తెలుగిళ్లలో దోసెలు అతని పిండితోనే పడతాయి. ఇండియన్ స్టోర్ వెనకాల అద్దె కిచెన్, రెండు పెద్ద గ్రైండర్లు, పేరుకో కంపెనీ.

“ఇంతేనా! ఆ వెయ్యి నాకివ్వు తమ్ముడూ. నిన్ను నా ఎంప్లాయీగా పెట్టి, జీతాల పట్టీ, అదే పేరోల్, రన్ చేసి జీతంగా వేసేస్తా. ట్యాక్సులు మాత్రం నువ్వే పెట్టుకోవాలి. రెండొందల యాభై.”

“అంతా?”

“నాకు ఒక్క సెంటు వద్దయ్యా. అంతా గవర్నమెంటుకే.”

దివాకర్ ఆఫీసు స్నేహితుడి దగ్గర చేబదులు తెచ్చి మొత్తం చేతిలో పెట్టాడు. రాఘవులు పద్ధతిగల మనిషి. ఆఫర్ లెటర్ కూడా ప్రింట్ తీసి సంతకం పెట్టించాడు. ఉద్యోగం పేరు చీఫ్ టేస్టింగ్ ఆఫీసర్. శుక్రవారానికల్లా కొత్త ఖాతాలో వెయ్యి పడింది, పక్కనే రాఘవులు కంపెనీ పేరు. మూడు వారాలకి బ్యాంకు బహుమానం కూడా వచ్చేసింది. చేతి నుంచి రెండొందల యాభై వదిలినా, ఊరికే వచ్చిన డాలరు రుచే వేరు కదా! చేబదులు తీర్చగా మిగిలిన నూటయాభైతో కొన్న బ్యాట్ కారు ట్రంక్‌లో దుప్పటి కప్పుకుని పడుకుంది.

పదిహేను రోజులు గడిచాయో లేదో, వీసా వ్యవహారాలు చూసే లాయరమ్మ నుంచి మెయిల్. గ్రీన్‌కార్డు ఆఖరి మెట్టు మీద ఉంది. గత రెండేళ్లలో జీతమిచ్చిన ప్రతి కంపెనీ వివరాలూ రేపు సాయంత్రంలోగా పంపాలట. ఒక్కటి దాచినా ప్రమాదమేనట.

దివాకర్ ఆ మెయిల్‌ని మూడుసార్లు చదివాడు. ఉన్నది హెచ్‌వన్ వీసా మీద. స్పాన్సర్ చేసిన కంపెనీకి తప్ప ఇంకెవరికీ పని చెయ్యకూడదు, ఇంకెవరి జీతమూ ముట్టకూడదు. పదకొండేళ్లుగా కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసిన గ్రీన్‌కార్డు కాస్తా వెళ్లి దోసెపిండిలో పడింది! రాస్తే దొంగ ఉద్యోగం, రాయకపోతే దొంగ కాగితం. ఎటు తిరిగినా పెట్టెలు సర్దుకోవడమే.

ముందు ఆ ఆఫర్ లెటర్‌ని స్టవ్ మీద అంటించి సింక్‌లో పడేశాడు. స్మోక్ అలారం అపార్ట్‌మెంటంతా వినిపించేలా గగ్గోలు పెట్టింది. పక్కగదిలో ఆఫీస్ మీటింగ్‌లో ఉన్న దేదీప్య మ్యూట్ నొక్కి పరిగెత్తుకొచ్చింది.

“ఏం తగలబెట్టావ్?”

“ఏం లేదు, అప్పడం.”

ఆమె సింక్‌లో మిగిలిన ముక్కని రెండు వేళ్లతో పైకెత్తింది. “అప్పడం మీద నీ సంతకం ఎందుకుంది?”

ఇక దాగేదేముంది! బ్యాటుతో సహా మొత్తం కక్కేశాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. కుర్చీలో కూలబడి, “పిల్లల స్కూలు, ఈ ఇల్లు, నా ఉద్యోగం, అన్నీ ఆ కార్డు మీదే ఉన్నాయి దివా. వెళ్లు. ఎలాగోలా ఆ ఉద్యోగం వదిలించుకుని రా” అంది. ఆమె తిట్టకపోవడం చూసి దివాకర్‌కి నిజంగా చచ్చేంత భయమేసింది.

స్టోర్ వెనకాల కిచెన్‌లోకి దూసుకెళ్లి రాఘవులు చేతులు పట్టుకున్నాడు.

“అన్నా, నాకు జీతం ఇవ్వలేదని చెప్పు. ఆ రికార్డు చెరిపెయ్యి. నీకు పుణ్యముంటుంది.”

రాఘవులు చేతులు విడిపించుకుని గ్రైండర్‌లో పప్పు పొయ్యడంలో పడ్డాడు. “అలా ఎలా కుదురుతుంది తమ్ముడూ? గవర్నమెంటు లెక్కలోకి ఎక్కిపోయె. ట్యాక్స్ కూడా కట్టేస్తిని.”

దివాకర్ బియ్యం బస్తా మీద చతికిలబడ్డాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఇన్నాళ్లూ వేసిన వేషాలు చాలు, ఏమైతే అదయిందనిపించింది.

“సరే అన్నా. ఉన్నదున్నట్టు లాయర్‌కి రాసేస్తా. నువ్వు ట్యాక్స్ కట్టిన రసీదు ఒకటివ్వు. ఆవిడ దాన్ని గవర్నమెంటుకి పంపుతుంది.”

గ్రైండర్ ఆగింది.

“రసీదు... గవర్నమెంటుకా?” రాఘవులు మొహం పాలిపోయింది. వచ్చి పక్క బస్తా మీద కూర్చుని గొంతు తగ్గించాడు. “తమ్ముడూ, తిట్టు, కొట్టు, కేసు మాత్రం పెట్టకు. నా దగ్గర పేరోలూ లేదు, పాడూ లేదు. నీ వెయ్యి నీకే కంపెనీ ఖాతా నుంచి మామూలు ట్రాన్స్‌ఫర్ కొట్టా. అది జీతమని ఆ బ్యాంకు ఎలా నమ్మిందో, నాలుగొందలు ఎందుకిచ్చిందో నాకిప్పటికీ అంతుపట్టదు. ట్యాక్సని తీసుకున్న రెండొందల యాభైతో మా ఆవిడకి చీర కొన్నా.”

“అంటే... నేను నీ దగ్గర ఉద్యోగం చెయ్యనే లేదా?”

“లేదయ్యా.”

“ఒట్టు వెయ్యన్నా, నన్ను నిజంగానే మోసం చేశావు కదూ?” అంటూ దివాకర్ పట్టలేని ఆనందంతో భోరున ఏడుస్తూ, పిండి చేతుల రాఘవులుని గట్టిగా వాటేసుకున్నాడు.