ఊక బస్తాల వెనుక

రాత్రి ధాన్యం కంపెనీ గోదాము తలుపుకు బయట ఎవరో తాళం వేశారు. లోపల ఉన్న వకీలు పురుషోత్తం జంకలేదు. నిజాంపై పోలీసు చర్య తర్వాత మిర్యాలగూడలో ఇలాంటి దొంగ కంపెనీలను ఎన్నింటినో కోర్టుకు ఈడ్చినవాడు. తనను తనిఖీకి పిలిచిన కంపెనీ డైరెక్టర్ నర్సింగరావు పొద్దున్నే వచ్చి తలుపు తీయిస్తాడులే అనుకున్నాడు.

ఇక్కడ దాచిన సర్కారు వడ్లు ఎత్తుకుపోయాడని గోదాము కావలివాడు మల్సూర్‌పై నింద. మనిషి జాడ లేదు. నిజం తేలకుంటే, తోడుదొంగ అని కేసు పెట్టిన అతని భార్య కొమురమ్మకు జైలే; ఆమె వకీలు పురుషోత్తమే.

పురుషోత్తం నమూనా తీసే ఇనుప గొట్టాన్ని బస్తాల వరుసలోకి గుచ్చాడు. వడ్లు రాలేదు, ఊక రాలింది.

"దొరికార్రా!" అని నవ్వుతూ గొట్టాన్ని లాగాడు. రాలేదు. అవతల ఎవరో పట్టుకున్నారు.

ఆయన గొట్టానికి చెవి ఆనించాడు. చల్లటి ఊపిరి తగిలింది.

"వడ్లు నేను తియ్యలే, వకీల్ సాబ్. నన్ను సంపి గీ ఊకలనే పాతిండు."

"ఎవరు చంపారు, మల్సూర్?"

"గిప్పుడు తాళమేసినోడే. మిమ్ముల గీడికి పిలిచిన నర్సింగరావు దొర."